ఎడంపక్క పిల్ల

ఆ పెట్టె ముందు కూర్చున్నవాళ్ళందరూ ఏడుస్తారని సుభాషిణి మొదట్లో అనుకునేది. అందుకే ఒక మెత్తటి తువ్వాలు కూడా కొని పక్కన పెట్టింది. తీరా చూస్తే సగంమంది ముందు నవ్వుతారు. ఏడుపు తర్వాత ఎప్పుడో, మెట్లు దిగేటప్పుడో ఆటో ఎక్కేటప్పుడో వస్తుంది.

ఆ రోజు వచ్చినాయన పిఠాపురంలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. చేతిలో ఒక్కటే నెగటివ్ ముక్క. అందులో ఉన్నది మనిషి కాదు, స్కూటరు. సీటు మీద కవరు కూడా చింపని కొత్త స్కూటరు, హ్యాండిల్‌కి బంతిపూల దండ, ముందు చక్రం కింద నిమ్మకాయ. తీసింది ఆయన భార్య. ఆవిడ పోయి చాలాకాలమైంది.

"ఒక్కసారే వినగలం మాస్టారూ," అంది సుభాషిణి. అందరికీ చెప్పేదే, అయినా ప్రతిసారీ చెబుతుంది. "బొమ్మకి కాపీ తీసి ఇస్తాం. గొంతు రికార్డు చేసి ఇస్తాం. కానీ ఈ ముక్క మాత్రం తెల్లబడిపోతుంది. ఆవిడ చెయ్యి పడిన ఫిల్ము ఇంక మిగలదు. ఆలోచించుకోండి."

"ఆలోచించుకునే వచ్చానమ్మా. కానీండి."

ఆమె దగ్గర పనిచేసే నస్రీన్ ముక్కని పెట్టెలో పెట్టి మూత వేసింది. లోపల నీలం కాంతి సూదిమొనలా కదిలింది. ముందు గరగర, తర్వాత ఊపిరి. ఆ తర్వాత గది మధ్యలో ఒక ఆడగొంతు, ఎవరో పక్కనే నిలబడి గొణుక్కుంటున్నట్టు: "ఈయనగారికి స్కూటరొచ్చింది, ఇంక భూమ్మీద నడవరు. ఇదెక్కడ నొక్కాలో ఏంటో..."

మాస్టారు పగలబడి నవ్వాడు. నవ్వుతూనే లేచి, కాపీ పుచ్చుకుని, దణ్ణం పెట్టి, మెట్ల దగ్గర కూలబడిపోయాడు.

ఆ పెట్టె అసలు పేరు పొడుగ్గా ఉంటుంది గానీ ల్యాబులో అందరూ వినికిడి పెట్టె అనే అంటారు. పాత కెమెరాతో ఫొటో తీసేవాళ్ళు దాన్ని కంటికి ఆనించి పట్టుకుంటారు. బుగ్గ ఎముక కెమెరాకి తగులుతుంది. మాట్లాడితే దవడ అదురుతుంది, ఆ అదురు లోపల డప్పు తోలులా బిగించి ఉన్న ఫిల్ముకి పాకుతుంది, ఫిల్ము మీది వెండి రేణువులు వెంట్రుకవాసిలో సర్దుకుంటాయి. ఆ సర్దుబాటుని తిరిగి మాటగా చదవొచ్చని కనిపెట్టింది సుభాషిణి. చదివే కాంతి తగిలితే మాత్రం రేణువు చెదిరిపోతుంది. వినిపించేది తీసినవాళ్ళ గొంతే, అదీ కెమెరా మొహానికి ఆనించి ఉన్న నాలుగు క్షణాలు. ఎదుటివాళ్ళ మాట అందులోకి రాదు.

ఈ పెట్టె వచ్చాక జనం బీరువాల అడుగు దులుపుతున్నారు. పెళ్ళి ఫొటోలు స్టూడియోవాళ్ళు తీసినవి, వాటితో ఎవరికీ పని లేదు. కావలసినవల్లా వంకర ఫొటోలు. కొత్త గ్రైండరు, పొంగిన పూరీ, వానకి పడిపోయిన గోడ, కుక్క తోక. ఇన్నాళ్ళూ "ఇదెందుకు తీశారో" అని పక్కన పడేసినవన్నీ ఇప్పుడు పట్టుగుడ్డల్లో చుట్టుకుని తెస్తున్నారు. ఫొటోలో ఎవరున్నారని చూడటమే మనకి అలవాటు, తీసినవాళ్ళు మాత్రం ఎక్కడా ఉండరు. వాళ్ళని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళతో వరండా నిండిపోతోంది.

సుభాషిణి ఈ దారి పట్టడానికి కారణం కూడా అలాంటి ఫొటోలే. వాళ్ళ నాన్న దానయ్య కేదారిలంక రేవులో లాంచీ సరంగు. గోదారి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి జనాన్ని దాటించేవాడు. ఎవరో ప్రయాణికుడు లాంచీలో కెమెరా మర్చిపోయి వెళ్తే, ఏడాదిపాటు కనిపించిన ప్రతివాణ్ణీ మీదేనా అని అడిగాడు. ఎవరూ రాకపోయేసరికి తనే వాడుకున్నాడు. తీసినవన్నీ ఇంట్లో సామానే. వంటింటి అలమర, తాడు మీద తువ్వాలు, గోడకి ఆనించిన తెడ్డు. ఊళ్ళోవాళ్ళు నవ్వేవారు. "సరంగుగారు గరిటెకి పెళ్ళిచూపుల ఫొటో తీశారంట" అని వెక్కిరించేవారు.

కానీ ఆ ఫొటోల్లో ఒక విశేషం ఉంది. దాదాపు ప్రతిదాంట్లోనూ ఎడంపక్క అంచున సగం పిల్ల ఉంటుంది. ఒక చెయ్యి, ఒక జడ, గౌను కుచ్చు. ఆ పిల్ల సుభాషిణి. నాన్న గరిటెని అడ్డం పెట్టుకుని తన ఫొటోలే తీశాడని ఆమె నమ్మకం. మనిషి మొహమాటస్తుడు, కూతుర్ని ఎదురుగా నిలబెట్టి ముద్దు చెయ్యడం చేతకాదు, అందుకే అంచున దాచుకున్నాడు. కాకినాడలో ఆమె ఇంటి హాల్లో ఆ ఫొటోలు ఆరు ఫ్రేములు కట్టి ఉన్నాయి. వచ్చినవాళ్ళందరికీ చూపించి, "ఎడంపక్క చూడండి," అని మురిసిపోయేది.

"గురి లేదే ఆయనకి," అనేది వాళ్ళమ్మ వరహాలమ్మ. "నువ్వేమో కథలల్లుకుంటన్నావు."

దానయ్య పోయాక వరహాలమ్మ కూతురి దగ్గరే ఉంటోంది. నోరు పదును. పెట్టె దగ్గరికొచ్చేవాళ్ళ సంగతులు విని, "చచ్చినోడి కళ్ళు చారెడంట. ఉన్నన్నాళ్ళూ ఆ మొగుడితో ఒక్క మాట మంచిగా ఆడి ఉండదు, ఇప్పుడొచ్చి గొంతు కావాలంట," అని ఎద్దేవా చేసేది. అలా అని అనీ ఒకరోజు చిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండానే అంది.

"ఊళ్ళోవాళ్ళ మొగుళ్ళ గొంతులన్నీ వినిపిస్తన్నావు. మీ నాన్నది నాకెప్పుడే?"

సుభాషిణికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ మాట కోసమే ఎదురుచూస్తోంది. వరహాలమ్మ తన రేకుపెట్టె తెరిచి, పాత పౌడరు డబ్బాలోంచి నెగటివ్ చుట్టలు తీసి ఇచ్చింది. పెట్టె అడుగున, ఉన్నిశాలువాలో చుట్టి, కెమెరా కూడా ఉంది. దాని మీద చెయ్యి వెయ్యబోతే గబుక్కున మూత వేసేసింది.

"అది పాడైపోయింది. దాన్నొదిలెయ్."

*

అమ్మకి వినిపించే ముందు శబ్దం సరిగ్గా వస్తోందో లేదో చూద్దామని సుభాషిణి మర్నాడు ల్యాబులో ఒక ముక్క పెట్టింది. వంటింటి అలమర. నస్రీన్ కూడా పక్కనే ఉంది, ఈ నాన్నగారి గురించి వినీ వినీ ఆమెకీ ఆత్రమే.

గరగర. ఊపిరి. ఆ తర్వాత ఎనిమిదేళ్ళుగా వినని గొంతు.

"మూత... గరిటె... ఉప్పు జాడీ... అంతే. ఇంకేం లేవు."

క్లిక్కుమంది. సుభాషిణి నవ్వింది, ఏడ్చింది, నస్రీన్ చెయ్యి పట్టుకుని ఊపేసింది. కాపీ చేతిలోకి తీసుకుంది. మూత, గరిటె, ఉప్పు జాడీ ఉన్నాయి. ఎడంపక్క జామకాయ కొరుకుతూ ఎనిమిదేళ్ళ తను సగం ఉంది.

"చూశావా! ఇంకేం లేవంట! దొంగ నాన్న!"

రెండోది పెట్టింది. "తాడు... తువ్వాలు... నీలం చీర... అంతే." ఫొటోలో ఎడంపక్క, తడి బట్టలు భుజాన వేసుకుని వరహాలమ్మ నిలబడి ఉంది. సగం కాదు, దాదాపు మొత్తం మనిషి.

మూడోది. "తెడ్డు... లంగరు తాడు... గోడ. అంతేనా? అంతే." ఎడంపక్క మళ్ళీ సుభాషిణి, రెండు చేతులూ నడుముకి ఆనించుకుని, నోరు బిగించి.

నవ్వు ఎక్కడ ఆగిపోయిందో ఆమెకే తెలియలేదు.

గొంతులో ఆటపట్టించే ధోరణి లేదు. పాఠం అప్పజెప్పే పిల్లాడి భయం ఉంది. ఆ భయం పోల్చుకోగానే సుభాషిణికి ఇంకొకటి గుర్తొచ్చింది. స్టూడియోలో ఫొటోలు కడిగించి తెచ్చినప్పుడు నాన్న వాటిని అరుగు మీద పరుచుకుని, భూతద్దం పెట్టి, కంటికి మరీ దగ్గరగా, ఒక అంచు నుంచి ఇంకో అంచుదాకా చూసేవాడు. చూసి చూసి మొహం వాడిపోయేది. ఒకసారి ఆమెని పిలిచి, "చిన్నీ, నువ్వప్పుడు ఇక్కడే ఉన్నావా?" అని అడిగాడు. ఉన్నానంది. ఫొటో తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఫొటోలు తీసింది సరదాకి కాదు. ముందు తనకి కనపడినవన్నీ పైకి చెప్పుకునేవాడు, ఆ తర్వాత కడిగిన బొమ్మలో అసలు ఏమున్నాయో సరిచూసుకునేవాడు. ఎడంపక్క చూపు పోతోంది. డాక్టరు దగ్గరికి వెళ్తే సరంగు లైసెన్సు పోతుంది. అందుకని ఎవరికీ తెలియకుండా ఇంట్లోనే, గరిటెలతోనూ జాడీలతోనూ, తనకి తనే కంటి పరీక్ష పెట్టుకున్నాడు.

తను ఇన్నేళ్ళూ గోడకి వేలాడదీసుకున్నవి నాన్న ప్రేమతో దాచుకున్న బొమ్మలు కావు. నాన్నకి తను కనపడని బొమ్మలు.

ఆ బాధ దిగకముందే ఇంకో ఆలోచన వచ్చింది. ఆ చూపుతోనే నాన్న లాంచీ నడిపాడు. నాగులచవితి నాడు కూడా నడిపాడు.

*

కేదారిలంకలో నాగులచవితి ప్రమాదమంటే ఇప్పటికీ అందరికీ తెలుసు. ఇంకా తెలవారని మంచు. ఎడంపక్క నుంచి ఇసుక పడవ వస్తోంది, అందులో పోలయ్య, అతని తమ్ముడు అబ్బులు. లాంచీ వెళ్ళి పడవని గుద్దింది. పడవ రెండు ముక్కలైంది, లాంచీ ఒరిగింది. దానయ్య నీళ్ళలోకి దూకి, మునిగిపోతున్న ప్రయాణికుల్ని ఒక్కొక్కర్నీ లాగి పైకి చేర్చాడు. అబ్బులు మాత్రం దొరకలేదు. మర్నాడు దిగువ రేవులో తేలాడు.

ఇసుక పడవకి లాంతరు పెట్టలేదు, అందుకే గుద్దుకుందని ఊరు తేల్చేసింది. కోర్టులో దానయ్య, "నాకు లాంతరు కనపడలేదండి," అన్నాడు. పోలయ్య, "ఎలిగించేనండి, సత్తెపెమానకంగా ఎలిగించేను," అని మొత్తుకున్నాడు. బతికున్నవాళ్ళలో మిగతా ఎవరూ అటు చూసినవాళ్ళు కాదు. పోలయ్య జైలుకెళ్ళాడు. తిరిగొచ్చాక కూడా అతనికి ఊళ్ళో ఒకే పేరు, తమ్ముణ్ణి ముంచినోడు.

దానయ్య ఆ తర్వాత లాంచీ ఎక్కలేదు, కెమెరా ముట్టుకోలేదు. కొన్నాళ్ళకి రెండు కళ్ళూ పూర్తిగా పోయాయి. మునిగినవాళ్ళని తీస్తూ తీస్తూ గోదారి నీళ్ళు పడి కళ్ళు పోగొట్టుకున్నాడని రేవంతా చెప్పుకున్నారు. సుభాషిణి కూడా బళ్ళో అదే చెప్పుకుంది, గర్వంగా.

ఇంటికొచ్చేసరికి వరహాలమ్మ స్నానం చేసి, తల దువ్వుకుని, గొంతు వినడానికి తయారై కూర్చుని ఉంది. కూతురి మొహం చూసి దువ్వెన పక్కన పెట్టింది.

"నీకు తెలుసా అమ్మా?"

ఏది అని ఆవిడ అడగలేదు.

"తర్వాత చెప్పాడే. కోర్టు అయిపోయాక."

"తర్వాతైనా నోరిప్పొచ్చుగా! ఒక మనిషి జైల్లో ఉన్నాడు!"

"ఏమని ఇప్పేది?" వరహాలమ్మ గొంతు పెంచింది. "ఆయన అబద్ధం చెప్పలేదు. కనపడలేదన్నాడు, కనపడలేదు. ఆ పొద్దుట పరీక్ష చేసుకునే వెళ్ళేనే, అన్నీ బాగానే కనపడినాయి అన్నాడు. చచ్చేదాకా అదే మాట. కళ్ళు బాగున్నరోజు బాగుండేయి, లేనిరోజు లేవు. బాగోలేనిరోజు జొరమని చెప్పి మానేసేవాడు. ఆరోజు బాగున్నాయి కాబట్టే వెళ్ళాడు. అంటే ఆ పోలయ్యే లాంతరు ఎలిగించలేదు. అంతే కదా? అంతే."

ఆ చివరి మాట అచ్చం నాన్న అన్నట్టే అంది.

"ఆ పొద్దుట తీసిన ఫొటో ఏది?"

వరహాలమ్మ చూపు రేకుపెట్టె మీదికి పోయింది.

"కెమెరాలోనే ఉండిపోయిందా? ఇన్నాళ్ళూ?"

"అది వినొద్దే." వరహాలమ్మ లేచొచ్చి కూతురి రెండు చేతులూ పట్టుకుంది. ఎవరినీ బతిమాలే మనిషి కాదు. "పారేద్దామని ఎన్నిసార్లు రేవుకి తీసుకెళ్ళేనో. ఆయన చేతిది, పారెయ్యలేకపోయేను. ఆయన చెప్పింది నిజమైతే మంచిదే. కాకపోతే? ఆ ఒక్క మాట పట్టుకునే నేను ఆయనతో ముప్ఫైయేళ్ళు కాపరం చేసేను. అది కూడా లాగేస్తావా?"

సుభాషిణికి కక్కలేక మింగలేక అయింది. అమ్మ చేతులు చల్లగా ఉన్నాయి. విడిపించుకోవడానికి మనసొప్పలేదు. విడిపించుకోకుండా ఉండటానికీ ఒప్పలేదు.

*

రెండు రోజులు ఆగింది. మూడో రోజు వరహాలమ్మే కెమెరా తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టి, పెరట్లోకి వెళ్ళిపోయింది. అది ఒప్పుకోవడమో, వదిలేసుకోవడమో సుభాషిణికి అర్థం కాలేదు.

ఫిల్ము రోలుని తనే కడిగింది. పాత రసాయనం, పాత ఫిల్ము. చాలావరకు నల్లబడిపోయింది. చివరి బొమ్మ మాత్రం నిలిచింది. గడప. వసారా బల్బు వెలుగులో, గడప ముందు నాన్న చెప్పులు. గడప మీద పళ్ళెంలో చలిమిడి, చిమ్మిలి ఉండలు, పక్కన పుట్టలో పొయ్యడానికి పాలగ్లాసు. అనుమానం లేదు, నాగులచవితి పొద్దుటే. ఎడంపక్క ద్వారబంధానికి ఆనుకుని పిల్ల. ఈసారి సగం కాదు. మొహం కూడా పడింది. బుగ్గలు పూరించి, ఊపిరి బిగబట్టి ఉంది.

నాన్న తనని చూసి ఉంటే పైకి చెప్పి ఉంటాడు. "చెప్పులు, గడప, పళ్ళెం, చిన్నీ," అని. అలా చెబితే ఆరోజు చూపు బాగున్నట్టే, అమ్మ నమ్మకం నిలబడినట్టే, పోలయ్య లాంతరు వెలిగించనట్టే. పేరు చెప్పకపోతే...

"ముందు మనిద్దరం విందాం మేడమ్," అంది నస్రీన్. "ఏముందో తెలిశాక ఎవరికి చెప్పాలో చూద్దాం."

"విన్నాక ఫిల్ము ఉండదు. రికార్డు వినిపిస్తే పోలయ్యగారు నమ్మాలా? మా నాన్న పేరు కాపాడుకోవడానికి నేనే మార్చి తెచ్చానంటే?"

అది సగం కారణమే. ఒంటరిగా వింటే తనేం చేస్తుందో ఆమెకి నమ్మకం లేదు. గోదారి ఒడ్డు దాకా కెమెరా తీసుకెళ్ళి పారెయ్యలేక తిరిగొచ్చిన అమ్మకి కూతురు తను. విని, దాచేసి, ఇంకో ముప్ఫైయేళ్ళు కూర్చోగలదు.

ఆదివారం కేదారిలంక వెళ్ళింది. లాంచీ లేదు, వంతెన వచ్చింది. పోలయ్య ఇల్లు కరకట్ట కింద. పెద్దవాడైపోయాడు, మనిషి ఎండిన కొబ్బరిమట్టలా ఉన్నాడు. దానయ్య కూతురని చెప్పగానే లేచి నిలబడబోయాడు.

"మీ నాన్నగారు శానామందిని బతికించేరండి. దేవుడండి," అన్నాడు. ఆ మాటకి సుభాషిణి నేలచూపులు చూసింది.

కోడల్ని టీ పెట్టమన్నాడు గానీ, ఆవిడ చంకలో పసిబిడ్డ ఉందని చూసి తనే వెళ్ళి గ్యాస్ పొయ్యి ముట్టించాడు. "ఎలిగించేను!" అని గట్టిగా అరిచాడు. సుభాషిణి ఉలిక్కిపడింది.

కోడలు నవ్వింది. "మా మామయ్యకి అదో అలవాటండి. పొయ్యి ముట్టించినా, దీపం పెట్టినా, ఆఖరికి చుట్ట ఎలిగించినా కేకేసి చెబుతాడు. చెప్పకపోతే ఊరుకోడు."

"ఎవరో ఒకరు విన్నట్టుండాలి గదండి," అన్నాడు పోలయ్య, సిగ్గుపడుతూ.

విషయం అంతా చెప్పింది. పెట్టె సంగతి, గరిటెల సంగతి, ఎడంపక్క సంగతి, చివరి ఫొటో సంగతి. ఏమీ దాచలేదు. కోపం వస్తుందనుకుంది, వస్తే బాగుండుననుకుంది. పోలయ్య టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"మొదట్లో బాగా గుర్తుండేదండి," అన్నాడు చివరికి. "అగ్గిపుల్ల గీసేను, తడిసిపోయుంది, రెండోది గీసేను, అంటుకుంది. అబ్బులు లాంతరు గాజు ఎత్తి పట్టుకున్నాడు. అంతా గుర్తే. కానండి, జడ్జిగారు లేదన్నారు, ఊరంతా లేదన్నారు. మా అమ్మ కూడా పోయేముందు, ఎలిగించుంటే బాగుండునురా అంది. అందరూ అంటంటే నాకే అనుమానమొచ్చేసిందండి. అది ఆ రోజుదో, ముందురోజుదో... నాకు తెల్దండి ఇప్పుడు. నిజంగా తెల్దు."

ఇంతకన్నా తిట్టినా, కొట్టినా బాగుండేది. ఒక మనిషి దగ్గర్నుంచి అతని జ్ఞాపకాన్ని కూడా లాగేసుకున్నారు. అందులో తన ఇంటి చెయ్యి ఉంది.

"మీరొస్తారా? ఏముందో నాకూ తెలీదు. మీకు వ్యతిరేకంగా కూడా ఉండొచ్చు."

"వత్తానండి," అన్నాడు. "ఏదో ఒకటి తెలిత్తే సాలండి."

*

పోలయ్య ఉతికిన చొక్కా వేసుకుని కొడుకుతో వచ్చాడు. కొడుకుని వరండాలో ఉండమని తనొక్కడే లోపలికొచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు. నస్రీన్ మంచినీళ్ళిచ్చింది. సుభాషిణి ఫిల్ముని పట్టకారుతో పట్టుకుని ఆఖరిసారి వెలుగుకి పెట్టి చూసింది. ఊపిరి బిగబట్టిన పిల్ల తలకిందులుగా తనకేసి చూస్తోంది.

తలుపు చప్పుడైంది. వరహాలమ్మ. ఒక్కతే ఆటో కట్టించుకుని వచ్చినట్టుంది, రొప్పుతోంది. ఆవిణ్ణి చూసి పోలయ్య లేచాడు.

"కూర్చో పోలయ్యా," అంది. తనూ గోడవారన బల్ల మీద కూర్చుంది. కూతురికేసి చూడలేదు.

ఫిల్ముని పెట్టెలో పెట్టి మూత వేశాక సుభాషిణి చెయ్యి బొత్తాం మీద ఆగిపోయింది. ఆపమని అమ్మ ఒక్క మాట అంటే ఆపేస్తుంది. చిన్నప్పటి దేవుళ్ళందరికీ మొక్కింది. నాన్నా, నా పేరు చెప్పు. వెంటనే పోలయ్య మెడ మీది ముడతలు కనపడ్డాయి. ఏం కోరుకోవాలో తెలియక, ఏమీ కోరుకోకుండా నొక్కింది.

నీలం వెలుగు కదిలింది. గరగర చాలాసేపు వచ్చింది, పాత ఫిల్ము కదా. ఊపిరి. దూరంగా ఏదో చప్పుడు, బహుశా గుండెది.

"చెప్పులు..."

వరహాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పులు... గడప... చలిమిడి పళ్ళెం... పాలగ్లాసు. ఎడంపక్క..."

ఆగింది.

"ఎడంపక్క ద్వారబంధం. ఎవరూ లేరు. అన్నీ కనపడుతున్నాయి. అమ్మయ్య, ఇవాళ బాగున్నాయి కళ్ళు."

క్లిక్. గరగర. అయిపోయింది.

నస్రీన్ మూత తీసింది. లోపల గాజుముక్కలా తెల్లగా, ఖాళీగా ఉంది ఫిల్ము. కాపీ మాత్రం బల్ల మీద పోలయ్య ఎదురుగా ఉంది. అతను చత్వారపు కళ్ళతో దాని మీదికి వంగి, వేలితో ఒక్కొక్కటీ ముట్టుకుంటూ వచ్చాడు. చెప్పులు. గడప. పళ్ళెం. గ్లాసు. వేలు ఎడంపక్కకి వచ్చి ఆగింది.

"ఈ పిల్లెవరండి?"

వరహాలమ్మ లేచొచ్చి బల్ల దగ్గర నిలబడింది.

"ఇదిగో, ఇదే. నా కూతురు." పిల్ల మొహం మీద వేలు పెట్టింది. "మూరెడు దూరంలో నిలబడుంది పోలయ్యా. ఆయనకి కనపడలేదు."

"మరి పలకలేదేం అమ్మాయిగారు?"

"ఫొటో తీసేటప్పుడు కదలకూడదని, మాట్లాడకూడదని నాన్నే చెప్పాడండి," అంది సుభాషిణి. "బొమ్మ చెడిపోతుందని. నేనెప్పుడూ కదలలేదు."

కదిలి ఉంటే, ఒక్కసారి నవ్వి ఉంటే, ఆ పొద్దుట ఆయన జ్వరమని చెప్పి పడుకుని ఉండేవాడు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. వరహాలమ్మ మాత్రం కూతురి వీపు మీద చెయ్యి వేసింది, ఆ చెయ్యి అక్కడే ఉంచేసింది.

పోలయ్య ఇంకా బొమ్మనే చూస్తున్నాడు. పెదాలు కదుపుతూ లెక్క కట్టుకుంటున్నట్టుంది. మూరెడు దూరంలో నిలబడ్డ పిల్ల. పట్టపగల్లా తెల్లటి గౌను. ఎడంపక్క. ఎవరూ లేరు. మెల్లగా అతని వేలు పిల్ల మీంచి జరిగి, ఫొటో దాటి, ఇంకా ఎడమకి, బల్ల అంచుదాకా వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. ఖాళీ కుర్చీ ఉంది.

ఆ కుర్చీ వైపు తిరిగాడు. చాలాకాలంగా మాట్లాడని మనిషితో మాట్లాడబోయేవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"ఒరే అబ్బులూ," అన్నాడు. "ఎలిగించేన్రా."